సూదిమొనంత గాయం

తిరుపాల్ ఎడమ అరచేతిలో పడిన చిల్లు సూదిమొనంత కూడా లేదు. గ్లౌజు తీసి చూస్తే చూపుడువేలి మొదట్లో ఒక తెల్లటి చుక్క, దాని చుట్టూ సన్నటి ఎర్ర అంచు. రక్తం బొట్టు లేదు. చీమ కుట్టినా ఇంతకంటే పెద్ద దద్దురు వస్తుందని అనుకున్నాడు. అయినా పంపు ఆగిపోయి ఉంది. పొద్దుటినుంచి చెవులు గింగురుమనిపించిన ఆ యంత్రం ఆగేసరికి, షెడ్డులో నేలమీదికి కారే నీళ్ల చప్పుడు కూడా వినిపించింది.

పంపు ఆపినవాడు దాన్ని నడిపే నారాయణప్ప. పంపు మీటమీద ఉన్న చెయ్యి తీయకుండానే, "యాడ తగిలింది?" అని అడిగాడు.

పెనుకొండకు కొంచెం దూరంలో ఉన్న ఆ ఫ్యాక్టరీలో ఏడాదికోసారి మూడు రోజులు యంత్రాలన్నీ ఆపి శుభ్రం చేస్తారు. మనిషెత్తు ఇనుప డొల్లలో వందల కొద్దీ సన్నటి గొట్టాలుంటాయి. బోరునీళ్లు పారి పారి వాటి లోపల గార రాయిలా పేరుకుంటుంది. ఆ గారను ఉలితో కొట్టలేరు, మందుతో కరిగించలేరు. నీళ్లతోనే కోయాలి. పంపు నీళ్లను వెయ్యి బార్ల ఒత్తిడితో, అంటే లారీ టైరులో గాలికి వంద రెట్లకు పైగా, తోస్తే, తిరుపాల్ చేతిలోని గన్ను అనే పొడవాటి గొట్టం కొసనుంచి అవి దబ్బనమంత ధారగా బయటికొస్తాయి. ఇటుకను అడ్డం పెడితే రంపం కోసినట్టు రెండు ముక్కలవుతుంది.

గన్నుకు ఒక మీట ఉంటుంది. వేళ్లతో దాన్ని అదిమి పట్టుకున్నంతసేపే ధార. పట్టుకున్నవాడు జారినా, తూలినా వేళ్లు వదిలితే చాలు, నీళ్లు ఆగిపోవాలని అలా చేశారు. కానీ పది నిమిషాలకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. గంటకు ముంజేయి కొయ్యబారుతుంది. ఇద్దరు మార్చుకుంటూ చేయవలసిన పనిని కాంట్రాక్టరు సాయిప్రసాద్ ఒక్కడితోనే చేయిస్తాడు. అందుకని సైకిల్ ట్యూబు ముక్క ఒకటి మీటకు బిగించి కట్టడం అతనే చూపించాడు. కడితే వేళ్లకు నొప్పి ఉండదు, నీళ్లు మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటాయి. నారాయణప్ప ఆ కట్టును రెండుసార్లు బ్లేడుతో కోసి పారేశాడు. రెండోసారి తిరుపాల్‌కు కోపం కూడా వచ్చింది. పంపు దగ్గర నిలబడేవాడికి గన్ను పట్టేవాడి నొప్పి ఏం తెలుస్తుందని గొణుక్కుని, మరో ముక్క తెచ్చి కట్టుకున్నాడు.

ఆ ముక్కే ఆ రోజు మీటకు ఉంది. గొట్టంలో ఇరుక్కున్న కొసను లాగబోతే గన్ను ఒక్కసారిగా వెనక్కి తన్నింది. కుడిచెయ్యి మీటను వదిలేసింది. ధార మాత్రం వదల్లేదు. అది అతని ఎడమచేతి మీదుగా ఒక్క రెప్పపాటు పోయింది. ఆ రెప్పపాటులోనే పంపు ఆగింది. అంటే నారాయణప్ప పొద్దుటినుంచి తననే చూస్తూ ఉన్నాడన్నమాట. ఆ సంగతి తిరుపాల్‌కు అప్పుడు తట్టలేదు.

సాయిప్రసాద్ వచ్చి చెయ్యి తిప్పి చూసి, దీనికేనా పంపు ఆపినారని నవ్వాడు. చెడ్డవాడని కాదు. అతని తొందర అతనిది, మూడు రోజుల్లో పని ముగించి ఇవ్వాలి. ఫ్యాక్టరీ వాళ్లకు తెలిస్తే షెడ్డుకు తాళం వేస్తారని, తన బండి మీదే గేటు బయటికి తీసుకుపోయి, అక్కడ మందులిచ్చే ఒకతని దగ్గర సూది వేయించి, పట్టీ అంటించి తెచ్చాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్లీ గన్ను పట్టమన్నాడు.

తిరుపాల్ సద్ది విప్పాడు కానీ తినలేకపోయాడు. నొప్పని చెప్పడానికి లేదు. చెయ్యి బరువెక్కుతోంది, అంతే. నారాయణప్ప తన ముద్దను సగంలో వదిలేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. కర్ణాటక సరిహద్దులో, అగళి దగ్గరి పల్లె ఆయనది. వయసు అరవైకి దగ్గర. అవసరమైతే తప్ప మాట్లాడడు. కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు లేవు. ఏ మిషన్లోనో పడి ఉంటాయని అందరూ అనుకునేవాళ్లు. ఎవరూ అడిగింది లేదు. మిగిలిన మూడు వేళ్లతో ఆయన తిరుపాల్ మణికట్టు దగ్గర మెల్లగా నొక్కాడు. చర్మం కింద చిటచిటమని ఏదో కదిలింది, తడి ఇసుకను నలిపినట్టు. చిల్లు పడింది వేలి మొదట్లో. చప్పుడు వస్తున్నది మణికట్టులో.

నారాయణప్ప లేచి వెళ్లి పంపు తాళంచెవి తీసుకొచ్చి సాయిప్రసాద్ చేతిలో పెట్టాడు. ఈ అబ్బిని ఆపరేషను చేసే డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నానని చెప్పాడు. సాయిప్రసాద్ మొదట నమ్మలేదు. తర్వాత బతిమాలాడు. చివరికి గొంతు మార్చి అన్నాడు.

"పంపు ఇడిసిపెట్టి పోతాండావు. పోతే మల్ల ఈ గేట్లోకి రావద్దు."

"సరేప్పా," అన్నాడు నారాయణప్ప.

ధర్మవరం బస్సు నిండుగా ఉంది. ఎవరో లేచి తిరుపాల్‌కు చోటిచ్చారు. నారాయణప్ప నిలబడే ఉన్నాడు. చెయ్యి కిందికి వేలాడితే వాపు పెరుగుతుందని, తిరుపాల్ మోచేతిని పైకెత్తి తన భుజం మీద పెట్టుకున్నాడు. బస్సు గుంతల్లో ఎగిరినప్పుడల్లా సీటు కమ్మీని పట్టుకున్న ఆయన మూడు వేళ్లు తెల్లబడేవి. కండక్టరు జరగమన్నా జరగలేదు. గంటకు పైగా ఆ భుజం అలాగే ఉండింది. ఎందుకింత కంగారు మామా, పట్టీ వేసినారు కదా అని తిరుపాల్ రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగలేదు. అప్పటికి నొప్పి మోచేతి దాకా పాకింది.

తిరుపాల్ కాపురముండేది ధర్మవరంలోనే, భార్య సుమలత పని చేసే మగ్గాల షెడ్డు అక్కడి ఆసుపత్రికి దగ్గరే. కబురందిన వెంటనే కండెలు చుట్టే రాట్నం వదిలేసి వచ్చింది. కొంగు నిండా పట్టు నూలుపోగులు అంటుకుని ఉన్నాయి. ఆపరేషన్లు చేసే డాక్టరు పేరు అశ్విని. ముప్పై ఏళ్లుంటాయేమో. గదిబయట జనం బారులు తీరి ఉన్నారు. ఆమె పట్టీ తీసి చిల్లు చూసింది. వేళ్లు ఆడించమంటే తిరుపాల్ ఆడించాడు. కట్టుకట్టి మాత్రలు రాస్తానని, రెండు రోజులు చూసి వాపు తగ్గకపోతే రమ్మని అంది. నర్సు తర్వాతి పేరు పిలిచింది.

తిరుపాల్ లేచాడు. నారాయణప్ప లేవలేదు. తన కుడిచేతిని బల్లమీద, ఆమె కాగితాల పక్కన పెట్టాడు.

"మేడం, మీరు చదువుకున్నోళ్లు. నాకు నాలుగచ్చరాలు కూడా సరిగా రావు. ఒక్క మాట ఇనండి," అన్నాడు. "ఇరవై ఏండ్ల కిందట నాకూ ఇట్లనే, సూదిమొనంత చిల్లు. పట్టీ ఏసి పంపినారు. నేనూ సరే అనుకొని పోయినా. మూడోనాటికి వేళ్లు నల్లబడినాయి. పైన చిల్లు చూడొద్దండి. లోపల నీళ్లు యాడిదాకా పోయినాయో చూడండి."

అశ్విని ఆ చేతివంక చూసింది. తిరుపాల్ మనసులో, ఇప్పుడు కసురుకుంటుంది, బయటికి పొమ్మంటుంది అనుకున్నాడు. ఆమె పెన్ను మూత పెట్టి, కూర్చోమంది. నీళ్ల ఒత్తిడి ఎంత, అవి మంచినీళ్లా మురికినీళ్లా, తగిలి ఎన్ని గంటలయింది, ఒక్కొక్కటే అడిగింది. నారాయణప్ప అన్నిటికీ నిమిషాలతో సహా చెప్పాడు. ఆమె ఫోనులో ఏదో వెతికి చదువుకుంది. తనకు చదువు చెప్పిన పెద్ద డాక్టరుకు ఫోను చేసి, కిటికీ దగ్గర నిలబడి మెల్లగా మాట్లాడింది. తర్వాత ఎక్స్‌రే తీయించింది. ఫిలిమును వెలుతురుకు పెట్టి వాళ్లనే దగ్గరికి పిలిచి చూపించింది. అరచేతినుంచి మణికట్టు దాటి నల్లటి చారలు పైకి పోయి ఉన్నాయి. అదంతా నీళ్లతోపాటు లోపలికి దూరిన గాలి అంది.

"పెద్దాయనా, మీరు చెప్పిందే నిజం," అంది. "మీరు లేకపోతే నేను కట్టుకట్టి పంపించేదాన్ని."

ఆ మాట అనడానికి ఆమెకు ఏమాత్రం నామోషీ కలగలేదు. తిరుపాల్‌కు ఆ రోజు జరిగిన వాటిలో అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచింది అదే. గంటలోపల ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. అరచేతినుంచి ముంజేతి దాకా కోసి, లోపల పేరుకున్న మురికినీళ్లూ, గార ముక్కలూ కడిగి తీశారు. కుట్లు వేయకుండా తెరిచే ఉంచి కట్టుకట్టారు. రెండు రోజులకు మళ్లీ కడగాలన్నారు. ఇంకొక్క పూట ఆలస్యమై ఉంటే వేళ్లకు తాను పూచీ ఇవ్వలేకపోయేదాన్నని అశ్విని సుమలతతో చెప్పింది.

తెల్లారి తిరుపాల్ కళ్లు తెరిచేసరికి నారాయణప్ప వరండాలో బెంచీమీద కూర్చుని ఉన్నాడు. లోపలికి వచ్చి, కట్టులోంచి బయటికి కనిపిస్తున్న వేలికొసలను ఒక్కొక్కటే చూశాడు. ఐదూ ఎర్రగానే ఉన్నాయి. తల ఊపి, హిందూపురం బస్సుకు పోతానని చెప్పి వెళ్లిపోయాడు. సుమలత తెచ్చిన కాఫీ కూడా తాగలేదు.

మూడోనాడు సాయిప్రసాద్ వచ్చాడు. మంచం పక్కన కూర్చుని చాలాసేపు బాగానే మాట్లాడాడు. ఇంత అవుతుందని తనకు తెలియదని, పిల్లలమీద ఒట్టేసి చెప్పాడు. అది అబద్ధం కాదని తిరుపాల్‌కూ తెలుసు. ఆసుపత్రి ఖర్చంతా తనదేనన్నాడు. ఫ్యాక్టరీ వాళ్లకు సంగతి తెలిసిపోయిందని, ఎంక్వైరీ పెట్టారని చెప్పి, జేబులోంచి ఒక కాగితం తీశాడు. దెబ్బ తగిలిన సమయంలో పంపు ఆపరేటరు పంపు దగ్గర లేడని, అందువల్లే ప్రమాదం జరిగిందని అందులో రాసి ఉంది. కింద తిరుపాల్ సంతకానికి చోటుంది.

"ఆయప్ప పంపు ఇడిసిపెట్టి పోయింది అందరూ చూసినారు," అన్నాడు సాయిప్రసాద్. "ఎట్లయినా ఆయప్పకు ఇంగ పని లేదు. నీకు ఉండాల్నా వద్దా? కుడిచెయ్యి బాగుండాది గదా, పెట్టు."

చదివి ఇస్తానన్నాడు తిరుపాల్. ఇందులో చదివేదేముందని సాయిప్రసాద్ గొణిగి, కాగితాన్ని మందుసీసా కింద పెట్టి వెళ్లాడు.

సుమలత దాన్ని రెండుసార్లు చదివింది. పదో తరగతి దాకా చదివిన మనిషి. కాగితం మడిచి, "ఆయప్ప ఆడ లేకపోతే పంపు ఆపిందెవురు?" అని అడిగింది. తిరుపాల్ ట్యూబు ముక్క సంగతి చెప్పాడు. నారాయణప్ప రెండుసార్లు కోసేయడం, తాను మళ్లీ కట్టుకోవడం, తిట్టుకోవడం కూడా చెప్పాడు. ఇప్పుడు ఆ మాట బయటపెడితే తప్పు తనదవుతుందని, ఖర్చులు తన నెత్తిన పడతాయని, మళ్లీ ఏ కాంట్రాక్టరూ పిలవడని చెప్పాడు. సుమలత అన్నీ విని, అతని దుప్పటి సర్దుతూ అంది:

"ఆయప్ప రాకుంటే ఈ చెయ్యే ఉండేది కాదు. లేని చేతికి పనెవురిస్తారు?"

తర్వాతి రెండు రోజులూ తిరుపాల్ ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. అశ్విని పొద్దునా సాయంత్రం వచ్చి వేళ్లు ముడవమనేది. చిటికెనవేలు మొదట కదిలింది. తర్వాత ఉంగరపు వేలు. చూపుడువేలు మాత్రం మొండికేసింది. ఐదోనాడు మధ్యాహ్నం అదీ ఒక గింజ తీసుకునేంత వంగింది. సుమలత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. తిరుపాల్ ఆ వేలిని చూస్తూ, మూడు వేళ్లతో సీటు కమ్మీని పట్టుకున్న చేతిని తలచుకున్నాడు. ఎంక్వైరీకి రమ్మని ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చినప్పుడు, ఇంకా రెండు రోజులు ఆగమని డాక్టరు చెప్పినా ఆగలేదు. మెడకు వేసిన గుడ్డలో చెయ్యి వేలాడేసుకుని, మరునాడు పొద్దునే పెనుకొండ బస్సెక్కాడు.

గేటు బయట గోడనీడలో నారాయణప్ప కూర్చుని ఉన్నాడు. గేటుపాసు సెక్యూరిటీ వాళ్లు తీసేసుకున్నారట. పిలిస్తే పోదామని వచ్చానన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పకుండా, వేళ్లు ఆడుతున్నాయా అని అడిగాడు. తిరుపాల్ ఆడించి చూపించాడు. నారాయణప్ప ముఖంలో నవ్వు కనబడటం అదే మొదటిసారి.

లోపల షెడ్డులో నీళ్ల పని చేసేవాళ్లందరినీ కూర్చోబెట్టారు. పదిహేను మందిదాకా ఉన్నారు. ఫ్యాక్టరీ ఇంజనీరు మాధవీలత ఒక బల్ల వేయించుకుని కూర్చుంది. నడివయసు మనిషి, గొంతు పెంచి మాట్లాడే అలవాటు లేదు. సాయిప్రసాద్ పక్కన నిలబడ్డాడు. ఆమె ఒక కాగితం చేతిలోకి తీసుకుని, ఎంక్వైరీకి ఎక్కువసేపు పట్టదని, పంపు ఆపరేటరు నిన్ననే వచ్చి తప్పు ఒప్పుకుంటూ రాసిచ్చాడని చెప్పి, చదివింది. 'పంపు నేను టయానికి ఆపలేదు. తప్పు నాది. తిరుపాల్ తప్పేమీ లేదు. అతనికి వైద్యం చేయించి పని ఇవ్వగలరు.' ఎవరిచేతో రాయించిన నాలుగు ముక్కలు. కింద కన్నడంలో వంకరటింకరగా సంతకం.

తిరుపాల్ ఆ కాగితం వంకే చూశాడు. తాను సంతకం పెట్టాలా వద్దా అని రెండు రోజులు పడుకుని ఆలోచించాడు. ఆ రెండు రోజుల్లోనే ఆ మనిషి బస్సులో వచ్చి, ఎవరినో బతిమాలి రాయించుకుని, తన చేత్తో తానే పెట్టేసి పోయాడు. గేటు బయట ఆ మాట ఎత్తనైనా లేదు.

నీ మాట కూడా ఇదేనా అని మాధవీలత అడిగింది. అతను లేచి నిలబడ్డాడు. సాయిప్రసాద్ వైపు చూడకూడదనుకున్నాడు, చూడలేదు.

"అది నిజం కాదు మేడం," అన్నాడు. "మీటకు ట్యూబు ముక్క కట్టినా. కట్టింది నేనే. చెయ్యి జారినా నీళ్లు ఆగలేదు. నారాయణప్ప మామ వద్దని రెండు తూర్లు కోసేసినాడు. నేనే మల్ల కట్టుకున్యా. పంపు ఆపిందీ ఆయప్పే, నన్ను ధర్మవరం తోలకపోయిందీ ఆయప్పే. ఈ చెయ్యి ఆయప్ప పెట్టిన భిక్ష."

కట్టడం ఎవరు నేర్పారని ఆమె అడిగింది. "కాంట్రాక్టరన్న చూపిచ్చినాడు," అన్నాడు తిరుపాల్. "కట్టుకున్న తప్పు నాది." సాయిప్రసాద్ తలవంచుకున్నాడు. కాదనలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఇంకో కాంట్రాక్టరు దగ్గర పనిచేసే తిప్పన్న అనే అతను లేచాడు. ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి, ఒక ట్యూబు ముక్క తీసి బల్లమీద పెట్టి, వచ్చి కూర్చున్నాడు. అతని పక్కవాడు లేచాడు. తర్వాత ముందు వరసలో ఇద్దరు. ఒకడి దగ్గర ట్యూబు లేదు, బైండింగు తీగ ఉంది. దాన్నే పెట్టాడు. చివరికి బల్లమీద ఎనిమిది పోగయ్యాయి. మాధవీలత వాటిని కాసేపు చూసి, తన చేతిలోని కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. గేటు దగ్గరున్న పెద్దమనిషిని పిలుచుకు రమ్మని సెక్యూరిటీకి ఫోను చేసింది.

ఆ సాయంత్రానికి కొన్ని నిర్ణయాలు జరిగాయి. గన్ను ఒకటికి మనుషులు ఇద్దరు. ఇరవై నిమిషాలకొకసారి చేతులు మారాలి. పని మొదలయ్యేముందు నారాయణప్ప ప్రతి గన్ను మీటనూ పట్టి చూసి, సరే అన్నాకే పంపు తాళం తిరగాలి. దెబ్బ తగిలాక ఆగిపోయిన పని ముగించడానికి, ఒప్పుకున్న గడువు మీద ఇంకో రెండు రోజులు కలిపి ఇచ్చారు. సాయిప్రసాద్‌కు నోటీసు ఇచ్చారు కానీ పని తీసేయలేదు. తిరుపాల్ వైద్యం సాయిప్రసాద్, ఫ్యాక్టరీ కలిసి భరించాలని రాసుకున్నారు. చెయ్యి పూర్తిగా నయమయ్యాక అతను పంపు దగ్గర పని నేర్చుకోవచ్చని మాధవీలత చెప్పింది. బయటికి వస్తుంటే సాయిప్రసాద్ ఎదురుపడి, ఏదో అనబోయి, "జాగ్రత్తగా పోండబ్బా," అని మాత్రం అన్నాడు.

పెనుకొండ బస్టాండులో ఇద్దరూ ఒకే సిమెంటు బెంచీమీద కూర్చున్నారు. ఒకరిది ధర్మవరం బస్సు, ఒకరిది హిందూపురం బస్సు. ఎండ దిగిపోయి, కొండమీది కోటగోడలు రాగిరంగుకు తిరిగాయి. తిరుపాల్ పొద్దుటినుంచి ఏవేవో మాటలు కూడబలుక్కున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, ఆ కాగితం ఎందుకు రాసిచ్చావు మామా అని అడిగాడు.

"నాకింగ ఎన్నేండ్లు పని ఉండాది? నీకింగా ముప్పై ఏండ్ల పని ఉండాది," అన్నాడు నారాయణప్ప, దుమ్ము దులుపుకున్నంత తేలిగ్గా.

తిరుపాల్ కట్టుకట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, వంగి ఆయన కాళ్లు తాకబోయాడు. నారాయణప్ప భుజం పట్టుకుని ఆపాడు. ఒక బస్సు వచ్చి, జనాన్ని దించి వెళ్లిపోయింది.

"నువ్వు నాకు చెప్పేది ఏం లేదప్పా, నేనే నీకు చెప్పల్ల," అన్నాడు నారాయణప్ప. "నా వేళ్లు పోయినప్పుడు, ఆ పొద్దు నాకు తోడుగా ఒక్కడు వచ్చింటే అని ఇరవై ఏండ్లు అనుకుంటానే ఉన్యా. పండుకుంటే అదే, లేస్తే అదే. నీతో ఆ బస్సెక్కినప్పటినుంచి ఆ మాట తోచడం లేదు. నిన్నరాత్రి బాగా నిద్ర పట్టింది."

హిందూపురం బస్సు ముందు వచ్చింది. నారాయణప్ప ఎక్కి, కిటికీ పక్కన చోటు దొరికితే కూర్చున్నాడు. ఇంటికి పోయి పెండ్లాన్ని ఇంత సంగటి కలిపి పెట్టమను, ఆ చేత్తో బరువులెత్తేదానికి పోవద్దు అని కేకేశాడు. బస్సు మలుపు తిరిగిపోయాక కూడా తిరుపాల్ అక్కడే నిలబడి ఉన్నాడు. కళ్లు తుడుచుకుని, ధర్మవరం బస్సు ఎన్ని గంటలకు వస్తుందో అడగడానికి పక్కనున్న పళ్లబండి ఆమె వైపు నడిచాడు.